చదువు నిలువని బిడ్డ: బడిలో వానికి రావలసిన సాయము

ఏటేట అర్ధసంవత్సర పరీక్షలు ముగిసి మార్కుల పట్టికలు ఇండ్లకు చేరునప్పుడు, ప్రతి తరగతియందును ఇద్దరు ముగ్గురు బిడ్డలు తల వంచుకొని నడచుట చూచుచున్నాము. వారిలో కొందరు పుస్తకము ముట్టనివారే కావచ్చును. తక్కిన కొందరి సంగతి వేరు. వారు వేకువనే లేచి చదివిరి. పాఠము శ్రద్ధగా వినిరి. ప్రశ్న యడిగినచో నోట సరియైన జవాబు చెప్పిరి. అయినను పుస్తకము తెఱచి చదువుమన్నచో అక్షరములు వారికి లొంగవు. ఇట్టి బిడ్డకు బడిలో రావలసిన సాయమేమి, దానిని తల్లిదండ్రులు ఎట్లు అడిగి పొందవలెను అను రెండు సంగతులను ఈ వ్యాసమున చెప్పదలచితిమి.

ముందుగా మా యెరుకలోని యొక బాలుని మాట. వాని తండ్రి మామిడి మండీలో కూలి. వేసవి సెలవులలో బాలుడు తండ్రి వెంట పోయి, బుట్టల లెక్కను కాగితము లేకయే మనస్సున నిలుపుకొని సాయంకాలము తప్పక అప్పగించెడివాడు. అవ్వ చెప్పిన కథను మాట పోకుండ తిరిగి చెప్పెడివాడు. అట్టివాడు అయిదవ తరగతికి వచ్చియు రెండవ తరగతి వాచకము చదువలేకపోయెను. వాడు చదువుచున్న బడిలో వానిని సోమరి యనిరి. తప్పిన మాటను నూరుసార్లు వ్రాయించిరి. నూరుసార్లును తప్పుగనే వ్రాసెను. తుదకు బాలుడు తండ్రితో, "నాయనా, నేను మండీకే వస్తాను, బడి వద్దు" అనెను. తండ్రియు సరే యనబోయెను. ఆ గడియ మిక్కిలి ప్రమాదకరమైనది. ఆ గడియలో బడి మానిన బిడ్డ మరల వచ్చుట అరుదు. ఈ వ్యాసము ఆ గడియకు ముందుగనే తల్లిదండ్రుల చేతికి అందవలెనని మా కోరిక.

1. ఇది యెట్టి లోపము?

బుద్ధి చక్కగా నుండియు, కన్ను చెవి బాగుగా నుండియు, బడికి క్రమముగా వచ్చుచుండియు, చదువుటయందో వ్రాయుటయందో లెక్కించుటయందో మాత్రము విడువని కష్టము గలుగుటను అభ్యసన వైకల్యమందురు. చదువునందలి కష్టమునకు డిస్లెక్సియా యనియు, వ్రాతయందలి దానికి డిస్‌గ్రాఫియా యనియు, లెక్కలయందలి దానికి డిస్‌కాల్కులియా యనియు పేర్లు. ఇది సోమరితనము కాదు, పెంపకపు దోషము కాదు, గ్రహచారము అంతకంటె కాదు. విన్న ధ్వనిని విడదీసి చూచిన యక్షరముతో జతపఱచు పనిని మెదడు వేరొక రీతిని చేయుటయే దీనికి ముఖ్యకారణమని పండితులు చెప్పుచున్నారు. ఇది కొన్ని కుటుంబములలో తరతరములుగ కనబడుటయు కలదు. దీనిని మాన్పు మాత్ర లేదు. తగిన రీతిని, తగిన కాలమున నేర్పుటయే దీనికి మందు.

మన తెలుగు వ్రాతలో ఈ కష్టము ఎట్లు కనబడునో ఉపాధ్యాయులు గమనింపవలెను. మన లిపిలో గుణింతపు గుర్తు అక్షరము మీదను ప్రక్కను, ఒత్తు క్రిందను ప్రక్కను వచ్చును గనుక, కన్ను ఒకేసారి నాలుగు దిక్కుల చూడవలసి యుండును. కష్టముగల బిడ్డ ఒత్తును విడుచును: "చంద్రుడు" అనుదానిని "చందుడు" అని చదువును, "అమ్మ" యనుదానిని "అమ" యని వ్రాయును. దీర్ఘమును హ్రస్వము చేయును. "ప వ", "ద ధ", "మ య", "ప ఫ ష" అను పోలిక గల యక్షరములలో ఒకదానికి మారుగ నొకటి పలుకును. మాట మొదటి యక్షరము చూచి తక్కినది ఊహించును. ఒక పంక్తి ముగిసి రెండవ పంక్తికి దిగుటలో దారి తప్పును. లెక్కలలో 17 అని చెప్పినచో 71 అని వ్రాయును. బల్లపై నున్నది చూచి వ్రాయుటకు ఇతరులకు పట్టు కాలమునకు రెండింతలు పట్టును. ఇట్టి తప్పులు చిన్న తరగతులలో ప్రతి బిడ్డయు చేయును. మంచిగ నేర్పిన పిమ్మటను అవి నెలల తరబడి విడువనిచో అప్పుడు ఆలోచింపవలెను.

ఈ ప్రాంతమువారమగు మనము ఇంకొక జాగ్రత్త పాటింపవలసి యున్నది. నగరి, సత్యవేడు దిక్కున ఎన్నో ఇండ్లలో అరవము మాటలాడుదురు. కుప్పము దిక్కున కన్నడమును వినబడును. ఇంట ఒక భాష, బడిలో తెలుగు, పుస్తకములో ఇంగ్లీషు అయినప్పుడు బిడ్డ తడబడుట సహజము. అది వైకల్యము కాదు, పరిచయము లేమి. ఇంటి భాషలో కథ చెప్పుమని, పాట పాడుమని, ఆ భాషలోని మాటలను ధ్వనులుగ విడదీయుమని అడిగి చూచినచో భేదము కొంత తెలియును. తెలియని భాష వలని కష్టము ఆ భాష వచ్చుకొలది తగ్గును. అభ్యసన వైకల్యము ఏ భాషయందైనను బిడ్డను వెన్నాడును.

2. ఈ జ్ఞానము లోకమునకు ఎట్లు వచ్చినది?

1896వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున ప్రింగిల్ మోర్గన్ అను డాక్టరు పదునాలుగేండ్ల బాలుని గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను వైద్యపత్రికలో వ్రాసెను. ఏడేండ్ల ప్రాయమునుండి చదువు చెప్పించినను ఆ బాలునికి చదువుట రాలేదు. చిన్న చిన్న మాటలను సైతము పోల్చలేకుండెను. కన్నులలో లోపము లేదు. లెక్కలు చేయగలిగెను. నోటిమాటగనే పాఠము జరుగునట్లయిన ఆ బాలుడే బడి యంతటిలో చురుకైనవాడుగ నుండునని వాని గురువు చెప్పినట్లు డాక్టరు వ్రాసియున్నాడు. మా మండీ బాలుని సంగతియు నూటికి నూరుపాళ్లు ఇదియే. పిమ్మట 1963లో అమెరికాలోని షికాగో నగరమున ఇట్టి బిడ్డల తల్లిదండ్రులు ఒక సభ చేసిరి. ఆ సభయందు సామ్యూల్ కర్క్ అను విద్యావేత్త ఈ కష్టములన్నిటికిని కలిపి అభ్యసన వైకల్యములను పేరు వాడగా, అది వ్యాప్తికి వచ్చెను. తల్లిదండ్రుల పట్టుదలతోనే ఈ కార్యము ముందుకు సాగినదనుట గమనింపదగినది.

మన దేశమున 1974లోనే వైకల్యముగల బిడ్డలను మామూలు బడులలో చేర్చి చదివించు పథకమును కేంద్రప్రభుత్వము ప్రారంభించెను. అయినను 1995 నాటి చట్టము ఏడు విధముల వైకల్యములను మాత్రమే పేర్కొనెను. వానిలో ఇది లేదు. 1996లో మహారాష్ట్ర ప్రభుత్వము ఇట్టి విద్యార్థులకు పరీక్షలలో వెసులుబాటు లిచ్చెను. తుదకు 2016 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన దివ్యాంగుల హక్కుల చట్టము ఇరువది యొక్క విధములను పేర్కొని, వానిలో అభ్యసన వైకల్యమును చేర్చెను. ఈ చట్టము 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి అమలులో నున్నది.

తిరుపతిలో చెవిటి బిడ్డలకు దేవస్థానమువారి బడి కలదని మనలో అందరును ఎరుగుదురు. చెవి వినబడని బిడ్డకు వేరు బోధన కావలెనని చెప్పినచో ఎవరును కాదనరు. అక్షరము నిలువని బిడ్డ లోపము కంటికి కనబడదు. కనబడదు గనుకనే సాయమునకు మారుగ దండన దొరకుచున్నది.

3. చట్టము ఏమి చెప్పుచున్నది?

2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు ప్రతి బిడ్డకును ఉచిత విద్యను హక్కుగ నిచ్చినది. 2012 నాటి సవరణ వైకల్యముగల బిడ్డలను అందులో స్పష్టముగ చేర్చినది. ఆ చట్టమే బిడ్డను కొట్టుటను, మనస్సు నొప్పించి వేధించుటను నిషేధించినది. కావున చదువలేని బిడ్డను బల్లమీద నిలువబెట్టి నవ్వించుట క్రూరము మాత్రమే గాక చట్టవిరుద్ధము కూడ.

దివ్యాంగుల హక్కుల చట్టములోని 16వ సెక్షను, ప్రభుత్వ ధనసహాయము గాని గుర్తింపు గాని పొందిన విద్యాసంస్థలన్నియు ఇట్టి బిడ్డలను ఇతరులతో కలిపి చదివించునట్లు ప్రభుత్వము యత్నింపవలెనని చెప్పుచున్నది. అభ్యసన వైకల్యమును సాధ్యమైనంత త్వరగ కనిపెట్టి, దానిని దాటుటకు తగిన బోధనోపాయములు చేయవలెనని ఆ సెక్షనులోనే కలదు. 17వ సెక్షను అయిదేండ్లకొకసారి బడిపిల్లలను పరిశీలించి ఇట్టివారిని గుర్తింపవలెననియు, పరీక్షలలో అధిక కాలము, వ్రాయుటకు సహాయకుడు, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు మొదలగు మార్పులు చేయవలెననియు చెప్పుచున్నది. వైకల్యము నూటికి నలువది పాళ్లకు తక్కువ గాదని ధ్రువీకరింపబడిన బిడ్డకు 31వ సెక్షను ప్రకారము ఆరు మొదలు పదునెనిమిదేండ్ల వరకు ఉచిత విద్య కలదు.

గుర్తింపు పొందిన బడులన్నియు అన్నచో మిషను బడులును అందులో చేరినవే. మేము పరులకు మాత్రమే చెప్పుట లేదు, మాకును చెప్పుకొనుచున్నాము.

4. తల్లిదండ్రులు చేయవలసినది

అడుగనిదే అమ్మయైనను పెట్టదని సామెత. సాయము చట్టములో నున్నను అడిగినవారికే ముందుగ దక్కుచున్నది. అడుగు క్రమము ఇది.

మొదటిది, ఒక నోటుబుక్కు పెట్టుకొనుడు. బిడ్డ చేసిన తప్పులను, ఎంత కాలము చదివెనో, ఏ పని చక్కగ చేసెనో, తేదీ వేసి వ్రాయుడు. మీకు వ్రాయుట రానిచో పెద్దబిడ్డచేత వ్రాయింపుడు. పాత పరీక్ష కాగితములను పాఱవేయకుడు. ఈ సంచి రేపు డాక్టరునకును ఉపాధ్యాయునకును వేయి మాటలకంటె ఎక్కువ చెప్పును.

రెండవది, కన్నును చెవిని పరీక్ష చేయింపుడు. బల్లపై వ్రాసినది కనబడక వెనుకబడిన బిడ్డకు కండ్లజోడే చాలును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పదునెనిమిదేండ్లలోపు బిడ్డలకై ఏర్పడినది. దాని పట్టికలో దృష్టిలోపము, వినికిడిలోపములతోపాటు అభ్యసన లోపమును కలదు. ఆ పరీక్షలకు డాక్టర్లు బడికి వచ్చిన దినమున మీ బిడ్డను గూర్చి ముందుగనే ఉపాధ్యాయునితో చెప్పియుంచుడు.

మూడవది, తరగతి ఉపాధ్యాయునితో శాంతముగ మాటలాడుడు. పోట్లాటకు పోకుడు. "మా బిడ్డ ఎక్కడ తప్పుచున్నాడు? మీరేమి ప్రయత్నించితిరి? ఇంట మేమేమి చేయవలెను?" అని మూడు ప్రశ్నలడుగుడు. నిజమైన ఉపాధ్యాయుడు దీనికి సంతోషించును.

నాలుగవది, ప్రధానోపాధ్యాయునికి దరఖాస్తు వ్రాసి ఇండు. నోటిమాట గాలికి పోవును, కాగితము నిలుచును. రెండు ప్రతులు వ్రాసి ఒకదానిపై పుచ్చుకొన్నట్లు తేదీతో సంతకము తీసికొనుడు. దరఖాస్తు ఈ తీరున నుండవచ్చును:

"ప్రధానోపాధ్యాయులవారి సముఖమునకు. అయ్యా, మీ బడిలో నాలుగవ తరగతి చదువుచున్న మా కుమార్తె పాఠము విని చక్కగ చెప్పగలదు గాని, పుస్తకము చదువుటలోను చూచి వ్రాయుటలోను ఒక సంవత్సరముగ మిక్కిలి కష్టపడుచున్నది. కన్ను చెవి పరీక్ష చేయించితిమి, లోపము లేదనిరి. దివ్యాంగుల హక్కుల చట్టము 16వ సెక్షను ప్రకారము ఆమెకు అభ్యసన వైకల్యము కలదేమో పరీక్ష చేయించి, సహిత విద్య ఉపాధ్యాయుని సాయము ఇప్పించి, ఆమెకు తగిన బోధనా ప్రణాళిక వ్రాయింపవలసినదిగ ప్రార్థించుచున్నాము. మేము ఏ దినమున రావలెనో తెలియజేయ గోరుచున్నాము."

ఇంతకంటె పొడవు అక్కరలేదు. కోపము అసలే అక్కరలేదు.

అయిదవది, భవిత కేంద్రము. ఆంధ్రప్రదేశమున సమగ్ర శిక్షా పథకము క్రింద మండలములలో భవిత కేంద్రములు నడచుచున్నవి. అక్కడ ప్రత్యేకముగ శిక్షణ పొందిన సహిత విద్య ఉపాధ్యాయులు ఉందురు. వారు కేంద్రమునకు వచ్చు బిడ్డలకు నేర్పుటయే గాక చుట్టుపట్ల బడులకును పోయి బిడ్డలను చూతురు. ఆ పథకమున రాకపోకల ఖర్చులకు భత్యములును, ఆడుబిడ్డలకు ఉపకారవేతనమును కలవు. భవిత యన్న నడువలేనివారికి మాత్రమే యని కొందరనుకొందురు, అది పొరబాటు. మీ మండలపు కేంద్రము ఎక్కడ నున్నదో బడిలోనే అడిగి తెలిసికొనుడు.

ఆరవది, వైద్యపరీక్షయు సర్టిఫికెట్టును. 2018 జనవరిలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నియమములలో, మూడవ తరగతిలో గాని ఎనిమిదేండ్ల ప్రాయమున గాని ఉపాధ్యాయులు బిడ్డను పరిశీలింపవలెననియు, పిమ్మట పిల్లల డాక్టరు, మనస్తత్వ నిపుణుడు చూడవలెననియు చెప్పిరి. మొదట బుద్ధిపరీక్ష, తరువాత బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థవారు తయారుచేసిన చదువు వ్రాత లెక్కల పరీక్షలు జరుగును. తిరుపతిలో రుయా ఆసుపత్రి వంటి ప్రభుత్వాసుపత్రులలో ఇట్టి పరీక్ష ఏ దినమున జరుగునో ముందుగ విచారించి పోవలెను. 2021 జూన్ మొదలు వైకల్య సర్టిఫికెట్లు దేశమంతటను ఒకే కంప్యూటరు పద్ధతిలో ఇచ్చుట విధియైనది. కావున దరఖాస్తునకు ఆధారు కార్డు, ఫోటో సిద్ధముగ నుంచుకొనుడు.

చిత్తూరు దిక్కువారు అనేకులు వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి పోవుట అలవాటు. అక్కడి మానసిక వైద్యశాఖలో బిడ్డలకై నంబిక్కై నిలయమను విభాగము కలదు. అరవమున నంబిక్కై యన్న నమ్మకము. అచ్చటి డాక్టర్లు వ్రాసి యిచ్చు నివేదిక బోధనకు మిక్కిలి ఉపయోగపడును. కాని చట్టప్రకారము చెల్లు సర్టిఫికెట్టును ప్రభుత్వము నియమించిన వైద్యాధికారులే ఇయ్యవలెను. ఈ రెంటికిని గల భేదము తెలియక పలువురు పరీక్షల వేళ చిక్కుపడుచున్నారు.

ఏడవది, బిడ్డకు వ్రాతపూర్వకమైన ప్రణాళిక. ఈ మూడు నెలలలో బిడ్డ ఏమి నేర్వవలెను, ఎవరు నేర్పవలెను, వారమునకు ఎన్ని గంటలు, ఇంట ఏమి చేయవలెను, ఏ తేదీన మరల చూతుము అను అయిదు సంగతులు అందులో నుండవలెను. "శ్రద్ధ తీసికొందుము" అను మాట ప్రణాళిక కాదు. "దసరా సెలవులలోపల ఒత్తులులేని మాటలను తడబడక చదువును" అనుట ప్రణాళిక.

ఎనిమిదవది, పబ్లిక్ పరీక్షల వెసులుబాటులు. 2018 ఆగస్టులో కేంద్రప్రభుత్వము వ్రాతపరీక్షలకు గంటకు ఇరువది నిమిషములకు తక్కువ గాకుండ అధిక కాలము ఇయ్యవలెనని మార్గదర్శకములు వెలువరించెను. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ అను అభ్యర్థి కేసులో, నలువది పాళ్ల వైకల్యము లేదను కారణమున మాత్రమే వ్రాత సహాయకుని నిరాకరింపరాదని తీర్పు చెప్పెను. ఆయన చేతివ్రాత కష్టముతో పరీక్షకు కూర్చుండినవాడు. పదవ తరగతి బోర్డు ఇచ్చు వెసులుబాటులను తొమ్మిదవ తరగతిలోనే ప్రధానోపాధ్యాయునడిగి, పరీక్ష ఫీజు కట్టు దినమునకు ముందుగనే కాగితములు పంపింపవలెను. హాలుటిక్కెట్టు వచ్చిన పిమ్మట పరుగెత్తుట వ్యర్థము.

బడివారు వినకపోయినచో మండల విద్యాశాఖాధికారికిని, పిమ్మట సమగ్ర శిక్షా జిల్లా కార్యాలయమునకును, జిల్లా విద్యాశాఖాధికారికిని వ్రాయవచ్చును. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి వేరు జిల్లా యయ్యెను గనుక మీ మండలము ఏ జిల్లాలోనిదో చూచుకొని వ్రాయుడు. ఆ మీదట రాష్ట్రమునందు దివ్యాంగుల కమీషనరు కలరు. చట్టము ఆ పదవిని ఇట్టి ఫిర్యాదులు వినుటకై ఏర్పఱచినది.

5. ఉపాధ్యాయులు చేయగలిగినది

ఉపాధ్యాయులు చాలరనుట నిజమే. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులలో ఇట్టి బిడ్డలు పదిమందికి ఒకరును, పై తరగతులలో పదునైదుగురికి ఒకరును ప్రత్యేక ఉపాధ్యాయులుండవలెనని చెప్పెను. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పదవులను మంజూరు చేసెను. అయినను వారు వచ్చి, సర్టిఫికెట్టు చేతికందువరకు మనము చేతులు కట్టుకొని కూర్చుండరాదు. సాయము మొదలిడుటకు సర్టిఫికెట్టు అక్కరలేదు.

మన వీధిబడులలో ఇసుక పఱచి, వ్రేలితో అక్షరము దిద్దించుచు పైకి పలికించెడివారు. చేయి, కన్ను, చెవి, నోరు నాలుగును ఒక్కసారి పనిచేయునట్టి ఆ పద్ధతియే నేడు ఈ బిడ్డలకు బోధించువారు వాడుచున్నది. చెన్నపట్టణమున ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు మన పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి తన అనాథాశ్రమపు బడిలో ప్రవేశపెట్టి, ఒక బాలుడు మఱియొక బాలునికి నేర్పు పద్ధతిని గూర్చి 1797లో లండనునందు పుస్తకము ప్రకటించెను. మన యింటి విద్యను మనమే మఱవరాదు.

ఇంకొక మాదిరియు మనకు సమీపముననే కలదు. 2022 వరకు చిత్తూరు జిల్లాలో చేరియుండిన మదనపల్లె చేరువ ఋషివ్యాలీ విద్యాలయమువారు చుట్టుపట్ల పల్లెబడులకై పాఠములను చిన్న చిన్న కార్డులుగ విభజించి మెట్ల వరుసగ నేర్పఱచిరి. ప్రతి బిడ్డయు తానున్న మెట్టునుండి తన నడకతో ఎక్కును. జ్వరము వచ్చి పదిదినములు మానినను, విడిచిన మెట్టుననే మరల మొదలిడును. ఒకడు వెనుకనున్నాడని తరగతి నవ్వుటకు అందులో తావు లేదు. ఈ పద్ధతి తమిళనాడు బడులకును ప్రాకినది. ఇది వైకల్యముగల బిడ్డల కొరకై పుట్టినది కాకపోయినను వారికి మిక్కిలి అనుకూలమైనది.

ఇవిగాక ప్రతి ఉపాధ్యాయుడును రేపటినుండియే చేయదగినవి కొన్ని కలవు. బిడ్డను ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను. అందరియెదుట హఠాత్తుగ చదువుమనరాదు. చదువవలసిన పంక్తులను ముందునాడే చెప్పియుంచవలెను. చరిత్ర, సామాన్యశాస్త్రములలో నోటి జవాబునకును మార్కులు వేయవలెను. వ్రాతలో అన్ని తప్పులను ఎఱ్ఱసిరాతో నింపక, ఆ వారమున నేర్పిన ఒత్తును మాత్రమే దిద్దవలెను. వాడు చక్కగ చేయు పని యొకదానిని వెదకి, తరగతి యెదుట దానిని చేయింపవలెను.

6. విద్యార్థులకు ఒక మాట

ప్రియమైన బాలబాలికలారా! మీ ప్రక్కన కూర్చున్నవాడు తడబడి చదువునపుడు నవ్వకుడు. మీకు సులభముగ వచ్చినది వానికి కొండ యెక్కుట వంటిది. తిరుమలకు కాలినడకన పోవునపుడు కొందరు వేగముగ పోవుదురు, కొందరు మెట్టుమెట్టునకు ఆగుదురు. అందఱును కొండ చేరుదురు. పాఠమును వానికి చదివి వినిపింపుడు. మీకును అది రెండవసారి చదివినట్లగును. తడబడు బిడ్డలారా! మీ కష్టమును దాపక అమ్మతోనో, అవ్వతోనో, నమ్మిన గురువుతోనో చెప్పుడు. మీలో లోపమున్నది చదువు మార్గమున మాత్రమే. మీ మనస్సున గాని మంచితనమున గాని లేదు.

ముగింపు

మొదట చెప్పిన బాలుని సంగతి ముగింపవలసి యున్నది. తండ్రి సరే యనబోవు సమయమున ఆ తల్లి ఒప్పుకొనక, అక్షరము రానిదయ్యు పొరుగింటి పిల్లచేత దరఖాస్తు వ్రాయించి, వ్రేలిముద్ర వేసి, బడిలో ఇచ్చెను. ఒకసారి కాగితము పోయినదనిరి. రెండవ ప్రతి ఆమె కొంగున నుండెను. నాలుగు నెలలు తిరిగిన పిమ్మట వారమునకు రెండు దినములు ప్రత్యేక బోధన దొరకెను. బాలుడు నేటికిని మెల్లగనే చదువును. వ్రాతలో ఒత్తులు ఇంకను జారుచుండును. కాని బడి మానలేదు. మొన్నటి వేసవిలో మండీ గోడమీద వ్రాసిన ధరల పట్టికను తండ్రికి తానే చదివి వినిపించెను. ఆ తండ్రి ఆ మాట మాకు చెప్పునపుడు కండ్లు తుడుచుకొనెను.

పంచతంత్రమున ఒక రాజు తన కుమారులు చదువురానివారని దుఃఖింపగా, విష్ణుశర్మ యను పండితుడు వారిని దండింపలేదు, వెళ్లగొట్టలేదు. బోధించు మార్గమును మార్చి కథలతో చెప్పెను. ఆ కథలే లోకమంతట వ్యాపించినవి. రాజకుమారులకు దొరకిన యట్టి మార్గము కూలివాని కుమారునకును కూలివాని కుమార్తెకును దొరకవలెను. నేడు అది దయ కాదు, చట్టము. దానిని అడుగుట తల్లిదండ్రుల వంతు. ఆలకించి నేర్పుట మా వంతు. ఈ సంచిక చదివిన తల్లిదండ్రులలో ఒక్కరైనను రేపు కాగితము పట్టుకొని మా గుమ్మము త్రొక్కినచో, ఈ వ్యాసము వ్రాసిన శ్రమ ఫలించినదని యెంచెదము.